నిత్య కూత

"అంకుల్, మీ మనవరాలు నిత్య ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుతుందట కదా. ఆవిడ గురించి చెప్పండి, మన సంఘం పత్రికలో వేద్దాం."

చెప్తాను గానీ బాబూ, ముందు ఆ ఫోను సంగతి చెప్పు. రికార్డవుతోందా? అవుతోందా, సరే. ఇదే బ్లాకులో ఇన్నాళ్ళుగా ఉంటున్నావు, లిఫ్టులో కనబడితే తలొంచుకుని ఆ ఫోనే చూసుకుంటావు. ఇవాళ ఉన్నట్టుండి మా పిల్ల మీద ఇంత అభిమానం ఎందుకు పుట్టుకొచ్చిందా అని చూస్తున్నాను.

తప్పుగా అనుకోకు. నాకు మొదట్నించీ అనుమానం ఎక్కువే. కూరగాయలవాడు ఒక వంకాయ ఎక్కువ వేస్తే దాన్ని తిప్పి తిప్పి చూస్తారేమిటండీ అనేది మా ఆవిడ. పుచ్చు ఉండేది మరి. సరే, అది కాదు నేను చెప్పేది.

మా అమ్మాయి సుజాతా, అల్లుడూ పొద్దున్నే ఆఫీసులకి పోతారు. బడి నుంచి వచ్చిన పిల్లని చూసుకోడానికి నన్ను మన దేశం నుంచి ఈ వుడ్‌ల్యాండ్స్‌కి రప్పించారు. పిల్లేమో ఒకచోట కూర్చునే రకం కాదు. మనం కూర్చున్న ఈ బ్లాకు కింది ఖాళీలోనేమో, అదుగో ఆ బోర్డు, బంతి ఆటలు ఆడరాదని. బంతి అక్కర్లేని ఆట నాకొకటి వచ్చు కదా. గుంటూరులో బీయే చదివేప్పుడు కాలేజీ చెడుగుడు టీములో ఉండేవాణ్ణి. గెలిస్తే స్టీలు గ్లాసు ఇచ్చేవారు. ఇప్పటికీ ఉంది, అందులో నీళ్ళతోనే బీపీ మాత్ర వేసుకుంటాను.

ఆ లిఫ్టు దగ్గర గీత అనుకో. అక్కణ్ణించి కూత పెట్టుకుంటూ రావాలి, ఈ రాతి బల్ల దగ్గర నన్ను ముట్టుకోవాలి, ఊపిరి పీల్చకుండా మళ్ళీ గీత దాటాలి. మధ్యలో కూత ఆగిందా, ఔట్. మా గోల భరించలేక ఎవరో ఫిర్యాదు చేస్తే ఎస్టేట్ మనిషి వచ్చాడు. బల్ల కింద చూశాడు, నా సంచిలో చూశాడు. బంతి లేదు. బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు. "అంకుల్, డోంట్ లైక్ దట్ లా," అని, ఇలా చెయ్యొద్దని ఇక్కడి ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోయాడు.

ఎక్కడున్నాను? ఆ, రగ్బీ. బళ్ళో మొదలుపెట్టింది. కాలేజీకని ఆస్ట్రేలియా వెళ్ళాక అక్కడి క్లబ్బువాళ్ళు జీతమిచ్చి పెట్టుకున్నారు. రగ్బీలో రెండు రకాలున్నాయట, ఇది లీగ్. జట్టుకి పదమూడు మంది. బంతి పట్టుకుని ఉరికేవాళ్ళని అవతలివాళ్ళు పడగొట్టాలి. పడ్డవాళ్ళు లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి, మళ్ళీ ఆట. అలా ఆరుసార్లు పడితే బంతి అవతలి జట్టుది. పడటం, లేవటం, అదే ఆట. మా నిత్య బక్కపిల్ల, కానీ ఎంత లావు మనిషి వచ్చినా వంగి చీలమండ దగ్గర దొరకబుచ్చుకుంటుంది. ఇదెక్కడ నేర్చుకున్నావని కోచ్ అడిగితే, మా బ్లాకు కింద అని చెప్పిందట.

ఆ క్లబ్బు మనిషొకడు వీడియోలో మాతో మాట్లాడాడు. తెల్లటి పళ్ళు. ఎత్తెంత, బరువెంత, చిన్నప్పుడు జబ్బులేమైనా చేశాయా అని అడిగాడు. సుజాత మురిసిపోయింది. ఎడ్లసంతలో కూడా ఇవే అడుగుతారు కదమ్మా అన్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

మూడేళ్ళు బాగానే ఆడింది. మొన్నీమధ్య, ఆటల సీజను సగంలో ఉండగా ఇంట్లో దిగింది. "రెస్ట్ లా తాతా," అంది. అక్కడ పట్టుకుంది నాకు అనుమానం. రెస్టుకొచ్చినవాళ్ళు ఊరు తిరుగుతారు, స్నేహితుల్ని పిలుస్తారు. ఇది గదిలో కర్టెన్లు వేసుకుని కూర్చుంటుంది. తనకిష్టమైన, కొబ్బరి జాము రాసిన కాయా టోస్టు తినడానికి రమ్మంటే, అక్కడ గోలగా ఉంటుంది నువ్వెళ్ళు అంటుంది. నేను తిన్నానా అని అడిగింది, తిన్నానన్నాను. కాసేపటికి వచ్చి మళ్ళీ అడిగింది.

వాళ్ళమ్మకి ఇవేవీ కనబడలేదు. నాకు సుబ్బారాయుడు కనబడ్డాడు. మా కాలేజీ జట్టులో వాడే మొనగాడు. ఒక ఫైనల్లో తల నేలకి కొట్టుకుంది. లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు, కూత పెట్టుకుంటూ సరాసరి మా వైపుకే, సొంత జట్టు మీదకే వచ్చాడు. అందరం పడీపడీ నవ్వాం. ఆ సాయంత్రమంతా ఎవరు గెలిచారని అడుగుతూనే ఉన్నాడు. తర్వాత పుస్తకం తెరిస్తే తలనొప్పి. పరీక్షలు రాయనే లేదు.

నిత్య ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాను. చాటుగా కాదు, తలుపు తీసే ఉంది. సీజన్ మొదట్లో వీళ్ళకి జ్ఞాపకశక్తికీ చురుకుదనానికీ కంప్యూటర్ మీద ఒక పరీక్ష పెడతారట. తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పెట్టి, మార్కులు తగ్గాయేమో చూస్తారు. వీళ్ళేమో మొదటి పరీక్షలోనే కావాలని తప్పులు చేస్తారట, దెబ్బ తగిలాక కూడా తేడా తెలియకుండా. "ఐ పాస్ వన్, డోంట్ వర్రీ," అని, పాసైపోతాలే అన్నట్టు నవ్వుతోంది. అంటే దీనికీ తలకి దెబ్బ తగిలిందన్నమాట. వచ్చే వారమే వెళ్ళి పరీక్షకి కూర్చుని మళ్ళీ ఆడాలని.

సరే. మర్నాడు పొద్దున దీన్ని కిందికి తీసుకొచ్చాను. "ఏదీ, ఒకసారి కూత పెట్టు," అన్నాను.

"తాతా, ఐ నాట్ కిడ్ లా."

"ముసలాణ్ణి, సరదా పడ్డాను."

నా దగ్గర ఆ పప్పులుడకవని దానికి తట్టలేదు. కంప్యూటర్ని మోసం చెయ్యగలదేమో. దాని కూత ఎలా ఉంటుందో ఏడేళ్ళప్పణ్ణించీ నా చెవుల్లో ఉంది కదా. లిఫ్టు దగ్గర ఎత్తుకుంది. చెడుగుడు చెడుగుడు చెడుగుడు... నాలుగడుగులకే మాట తడబడింది. ఆ స్తంభం ఉందే, అక్కడికొచ్చేసరికి ఆగిపోయింది. స్తంభం పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఊపిరి కాదు బాబూ అయిపోయింది. మాట దొరకలేదు దానికి.

చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టాను. "అమ్మకి చెప్పకు," అంది. "నేను చెప్పను. అమ్మకి, డాక్టరుకి, అందరికీ నువ్వే చెప్పు. మొదటి పరీక్ష సంగతి కూడా," అన్నాను. చెప్తే వచ్చే ఏటికి ఉంచుకోరేమో తాతా అంది. ఉంచుకోకపోవచ్చు. ఆ తెల్ల పళ్ళ క్లబ్బువాణ్ణి నేనెప్పుడు నమ్మాను గనక? నీకింకో తల ఇస్తానన్నాడా అని అడిగాను. ఏడ్చింది. ఆ సాయంత్రమే వాళ్ళమ్మకీ చెప్పింది, క్లబ్బు డాక్టరుకీ ఫోన్ చేసి చెప్పేసింది. ఆట నుంచి పక్కన పెట్టారు, ఇక్కడే ఆసుపత్రిలో చూపించుకుంటోంది. వచ్చే ఏడు సంగతి వాళ్ళింకా తేల్చలేదు.

ఇదంతా నీకెందుకు చెప్తున్నానో తెలుసా? నువ్వు పొద్దున ఫోన్ చేసి అడిగావని దానికి చెప్తే, "ఉన్నదున్నట్టు చెప్పు తాతా," అంది. అందుకని. లేకపోతే నువ్వెవరు, నేనెవరు. మళ్ళీ ఎప్పుడు ఆడుతుందని మాత్రం రాయకు. నాకూ తెలీదు, దానికీ తెలీదు. తెలుసన్నవాణ్ణి నమ్మకు.

నువ్వు బైకు మీద పోతావు కదా, హెల్మెట్టు బకిల్ పెట్టుకోకుండా. చూశాను. పెట్టుకో నాయనా, చల్లగా ఉండు.

ఉష్, లిఫ్టు వచ్చింది. డాక్టరు సరేనన్నాక రోజూ ఈ వేళకి దిగుతోంది. మాట్లాడకు, విను. ఆ... ఎత్తుకుంది. స్తంభం దాటింది, చూశావా. ఇంకొంచెం... ఆగింది. ఆటలో అయితే ఔటే. నేనేమీ అనను. ఉండు, ఊపిరి తీసుకుంటోంది. మళ్ళీ ఎత్తుకుంటుంది...