ఫిల్మ్‌నగర్ అద్దెలు పెంచిన మనిషి

వానకి షూటింగ్ ఆగిపోయింది. ఫిల్మ్‌నగర్ సందులో దేవమ్మ టీకొట్టు రేకుల కింద ముగ్గురం ఒకే బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నాం. ఒక చివర నేను, బాబీని, అసిస్టెంట్ డైరెక్టర్‌ని. ఇంకో చివర లైట్‌మన్ జగదీశ్. మధ్యలో అచ్యుతరామయ్య బాబాయ్. ఆయన ముప్ఫై ఏళ్లుగా జూనియర్ ఆర్టిస్టు. కోర్టు సీన్లో జడ్జి పక్కన, ఆస్పత్రి సీన్లో డాక్టర్ వెనకాల, పెళ్లి సీన్లో మూడో వరసలో మీరు చూసే ఉంటారు. గుర్తుపట్టి మాత్రం ఉండరు.

జగదీశ్‌కి ఇల్లు పోతోంది. వాళ్ల ఓనరు ఆ పోర్షన్‌ని తలకింత చొప్పున సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి మాట్లాడేసుకుని, ఒకటో తారీఖుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఊరి బయటికి పోతే లైట్‌మన్‌కి పని ఉండదు. యూనిట్ బండి పొద్దున అయిదింటికి ఈ టీకొట్టు ముందు నుంచే కదుల్తుంది. అప్పటికి రానివాడి చోట్లో ఇంకొకడు ఎక్కి కూర్చుంటాడు. అందుకని వాడు పదిహేను రోజులుగా చెప్పులరిగేలా తిరుగుతున్నాడు. ఆ పొద్దున వాడే నోరు తెరిచాడు.

"కాకా, నీతోని ఒక ముచ్చట చెప్పాలె."

బాబాయ్ చెయ్యెత్తాడు. ఇక ఎవరి మాటా సాగదని మాకు తెలుసు.

"ఆగరా. ఇల్లే కదా నీ గొడవ? అద్దె ఇంటి సంగతి ఈ అచ్యుతరామయ్యకి చెప్తావా? ముందు నాది విను. మా ఓనరు శకుంతలమ్మ ఇల్లు, గుట్ట మీద పచ్చగేటు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ గేటుకి బోర్డుంది. ఐటీ వాళ్లకి మాత్రమే అద్దెకిస్తాం అని. కింద ఇంకో ముక్క, సినిమావాళ్లు బెల్లు కొట్టొద్దు అని. నేను కొట్టా! ఎలా కొట్టానంటే, ఆ రోజే ఆఫీసు సీను చేసి వస్తున్నా. టక్కు చేసుకున్న చొక్కా, నున్నగా గీసిన గడ్డం, మెళ్లో కంపెనీ కార్డు. కాస్ట్యూమర్‌కి తిరిగిచ్చెయ్యడం మర్చిపోయాలే. ఆవిడ తలుపు తీసి నా మొహం చూస్తుందనుకున్నావా? కార్డు చూసింది. 'ఏ కంపెనీ సారూ?' అంది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఏం పేరు అచ్చేశారో నాకే నోరు తిరగలేదు. 'చాలా పెద్దదమ్మా' అన్నా. తాళంచెవి చేతిలో పెట్టేసింది."

ఇక్కడిదాకా నేను నమ్మాను. ఇక్కడ ఆపేసి ఉంటే ఇప్పటికీ నమ్ముతూ ఉండేవాణ్ణి.

"కాకా, గా శకుంతలమ్మ ముచ్చటనే..." అన్నాడు జగదీశ్.

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా ఆవిడకి అనుమానం వచ్చింది. 'ఇంట్ల కూసోని పని చేస్తరంట గదా, నువ్వేంది సారూ పొద్దంత పండుకుంటవ్?' అని. సరేనని సెట్ నుంచి ఒక లాప్‌టాప్ పట్టుకొచ్చా. పైన మూతే, లోపలంతా అట్ట. వరండాలో కూర్చుని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నాకొచ్చిన డైలాగులన్నీ కొట్టడం మొదలెట్టా. నాకు వచ్చినవేంటి? జడ్జివి, డాక్టరువి. 'అబ్జెక్షన్ ఓవర్‌రూల్డ్!' 'సాక్ష్యాధారాలు లేవు!' 'ఐ యామ్ సారీ, ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం!' కింద పోర్షన్లో నిజం సాఫ్ట్‌వేర్ కుర్రాడున్నాడు, సుహాస్ అని. వాడొచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. 'అంకుల్, మా మేనేజర్ కూడా అచ్చం ఇలాగే మాట్లాడతాడు, మీరు ఏ స్థాయిలో ఉన్నారు?' అని."

"మరి నువ్వేమన్నవ్?" దేవమ్మ గ్లాసులు కడుగుతూ అడిగింది.

"ఏమీ అనలా. కళ్లజోడు తీసి తుడుచుకున్నా. పెద్ద పొజిషన్లో ఉన్నవాడు ఎక్కువ మాట్లాడకూడదు."

దేవమ్మ కిసుక్కున నవ్వింది. ఆ ఒక్క నవ్వు చాలు ఆయనకి, వారానికి సరిపడా పెట్రోలు పోసినట్టే.

"ఇక మన జూనియర్ ఆర్టిస్టులందరూ నా మీద పడ్డారు. రామయ్యగారూ, మాకూ ఇళ్లు దొరకట్లేదు, మాకూ కార్డులు ఇప్పించండి అని. పాపం కదా. ఒక అట్టపెట్టెడు కార్డులు తెచ్చి నలభై మంది మెళ్లో వేశా. ఓనర్లు నమ్మాలంటే పొద్దున్నే అందరూ బ్యాగులు తగిలించుకుని మూల మీద బస్సు కోసం నిలబడాలన్నా. నిలబడ్డారు. నిజం కంపెనీ బస్సు వచ్చి ఆగింది! డ్రైవరు కార్డులు చూశాడు, ఎక్కండన్నాడు. ఇప్పుడు దిగిపోతే ఓనర్లకి తెలిసిపోతుందిగా? ఎక్కేశాం. నలభై ఒక్కళ్లం, తిన్నగా గచ్చిబౌలి."

"సెక్యూరిటీ వాళ్లు ఆపలేదా బాబాయ్?" అన్నాను.

"ఆపితే నువ్వు నన్ను ఇలా చూడగలిగేవాడివా? లోపలికెళ్లాం. ఏసీ, కుర్చీలు, మిషన్లో కాఫీ. ఏం చెయ్యాలో ఎవడూ చెప్పలేదు. మనకది కొత్తా? షూటింగ్‌లో మాత్రం ఎవడు చెప్తాడు! మనవాళ్లు వాళ్ల పని మొదలెట్టారు. చప్పుడు రాకుండా పెదాలు కదపడం. కాగితం పట్టుకుని ఇటు నుంచి అటు నడవడం, మళ్లీ అదే కాగితం పట్టుకుని అటు నుంచి ఇటు. గోడవైపు చూపించి తలూపడం. సాయంత్రానికి పై ఆఫీసరొకావిడ వచ్చింది, పేరు హరిణి. కళ్లనిండా నీళ్లు. 'ఇంత క్రమశిక్షణగా పనిచేసే టీముని నా సర్వీసులో చూడలేదు' అంది."

"గీ మాట మాత్రం నిజమే అనిపిస్తది" అంది దేవమ్మ.

"కాకా, జర నన్ను చెప్పనియ్యి" అన్నాడు జగదీశ్. వాడి గ్లాసులో టీ అలాగే ఉంది, మీద మీగడ కట్టింది.

"నీ తొందర తగలెయ్యా, అసలు ఘట్టం ఇప్పుడొస్తుంటే! మన మల్లమ్మ తెలుసుగా, చావు సీన్లలో గుండెలు బాదుకుంటుందే, ఆవిడ. మీటింగ్‌లో ఆవిణ్ణీ కూర్చోబెట్టారు. టీవీలో పనిచ్చే విదేశీ పార్టీ వాడు. మీ పని మాకు నచ్చలేదు, కాంట్రాక్టు ఆపేస్తున్నాం అన్నాడు. అంతే, మల్లమ్మకి ఏదో పోయిందని మాత్రం అర్థమైంది. జుట్టు విప్పుకుని 'ఓరి నా కొడుకో, నన్నిడిసి పోతివా కొడుకో' అని అందుకుంది చూడు! అటువైపు వాడు వాళ్లమ్మని తల్చుకుని బోరుమన్నాడు. ఆ కాంట్రాక్టు ఉంచాడు, ఇంకో మూడు కలిపి ఇచ్చాడు. మల్లమ్మని వైస్ ప్రెసిడెంటుని చేశారు."

"మొన్న ఆవిడే నా దగ్గరికొచ్చి ఏదైనా చావు సీను ఉంటే చెప్పమంది" అన్నాను.

"ఉద్యోగం మీద మోజు పోయిందిరా ఆవిడకి. అడ్డు రాకు. ఈ సంగతి విని కంపెనీ అసలు యజమాని విమానంలో దిగాడు. ఈ నలభై ఒక్కళ్లూ ఏ దేశంలో చదివారు అన్నాడు. ఫిల్మ్‌నగర్ అన్నా. ఆ నీళ్లలోనే ఏదో ఉంది అనుకున్నాడు. వెంటనే ఆర్డరు వేశాడు. కంపెనీలో వేలమంది ఉంటే వేలమందీ ఫిల్మ్‌నగర్‌కి కాపురం మారాల్సిందే అని. చూసి మిగతా కంపెనీలూ వేశాయి. ఇక చూస్కో! ఇక్కణ్ణుంచి యూసుఫ్‌గూడ దాకా, అటు శ్రీనగర్ కాలనీ దాకా అద్దెలు లేచాయి. మెట్ల కింద మూలకి స్టూడియో ఫ్లాట్ అని పేరు పెట్టారు. ఒకడు మేడ మీద నీళ్ల ట్యాంకు అద్దెకిచ్చాడు. అందులో టీమ్ లీడరు కాపురం. మెడదాకా నీళ్లలో నిలబడి మీటింగులు చేసేవాడు, అద్దెలో నీళ్ల ఖర్చు కలిసే ఉందని సంతోషం కూడాను. ఇంకో ఓనరు ఒక్క కిటికీనే అద్దెకిచ్చాడు. రెండు వైపులా ఇద్దరికి."

దేవమ్మ టీ గరిటె పైకెత్తింది. "అంటే నా దుకాణం కిరాయి పెరగనీకి కారణం నువ్వేనా?"

"నేనే!" బాబాయ్ రొమ్ము విరిచాడు. ఈ ఊళ్లో అద్దెల పెరుగుదలని సొంత ఘనతగా చెప్పుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. "పెంచింది నేనే, దించిందీ నేనే. మనవాళ్లందరూ బాధపడుతుంటే నాకు అన్నం సహించలేదు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లని పిలిచా. శంకర్‌పల్లి అవతల బీడు ఉంది, అక్కడ ఈ కంపెనీలన్నిటికీ సెట్ వెయ్యండి అన్నా. ప్లైవుడ్డు, అద్దాలు, అయిదు వందల మంది కార్పెంటర్లు. మూడు రోజుల్లో లేచింది, ముప్ఫై అంతస్తులు! బస్సు డ్రైవర్లకి తలా ఒక టీ పోయించి దారి మళ్లించా. జనం అక్కడ దిగారు, లోపలికెళ్లారు. లిఫ్టు ఎక్కితే ఎక్కడికీ పోదు, తలుపు తీస్తే అదే అంతస్తు. ఒక్కడికీ తేడా తెలీలేదు!"

"తెలీదులే" అన్నాను. నాకూ నవ్వాగలేదు.

"వేలమందీ సామాన్లు కట్టుకుని శంకర్‌పల్లి పోయారు. ఇక్కడ ఓనర్ల అవస్థ చూడాలి! జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర తాళాలు పట్టుకుని నిలబడి, దారినపోయేవాళ్ల చొక్కాలు పట్టుకుని 'బాబూ, కాసేపైనా ఉండిపోండి' అని ఏడుపు. లైట్‌మన్లు స్విమ్మింగ్ పూలు లేకపోతే మాకొద్దన్నారు. ఒక పెద్ద హీరో, పేరు చెప్పను, నా దగ్గరికొచ్చి మీ వీధిలో ఒక పోర్షన్ చూసిపెట్టండి అన్నాడు. 'మీరేం చేస్తుంటారు?' అన్నా. సినిమాల్లో అన్నాడు. 'సారీ అండీ, సినిమావాళ్లకి ఇవ్వట్లేదు' అన్నా."

దేవమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. నేను కడుపు పట్టుకున్నాను. జగదీశ్ ఒక్కడే నవ్వలేదు.

"మరి ఇప్పుడు మళ్లీ అద్దెలు ఎందుకు పెరిగాయి బాబాయ్?"

"వానరా అబ్బాయ్! చూస్తున్నావుగా. ప్లైవుడ్డు కదా, తడిసి ఉబ్బిపోయింది. ముప్ఫై అంతస్తులూ ఒక్కసారి వంగాయి. మళ్లీ అందరూ ఇటే వచ్చిపడ్డారు. ఎవరెన్ని పెంచినా మా శకుంతలమ్మ మాత్రం నా జోలికి రాదు. మొన్న నేనే అన్నా, అమ్మా, అందరూ పెంచుతున్నారు, నువ్వూ పెంచుకో అని. చెవులు మూసుకుంది. 'మీరు మా ఇంట్ల ఉన్నదే మాకు ఇజ్జత్ సారూ, కిరాయి మాటెత్తకుండ్రి' అంది. ఒరే జగదీశూ, నీకు దిగులెందుకు? రేపు నేను ఒక్క మాట చెప్తే పక్క పోర్షన్ నీదే. చెప్పు, ఏంటి నీ ముచ్చట?"

జగదీశ్ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు ఇల్లు దొరికింది కాకా."

"శెభాష్! ఎక్కడ?"

"శకుంతలమ్మ దగ్గర్నే. గుట్ట మీద, పైన రేకుల రూము."

బాబాయ్ ఉండేది ఆ రూములోనే.

"నువ్వు ఉండేది గాడనే అని నాకు తెల్వదు కాకా, దేవుని తోడు" అన్నాడు జగదీశ్. "నిన్న నేను, నా బిడ్డ హిమజ పోయినం. ఇంట్ల ఐటీ నౌకరి చేసెటోళ్లు ఉన్నరా అని అడిగింది. మా హిమజకి ఈ నెలనే నౌకరి అయింది గదా. గా పిల్ల కార్డు చూపెట్టింది. ముసలాయన ఉన్నడు, కిరాయి పెంచితే కట్టలేనన్నడు, ఒకటికి ఖాళీ చేస్తుండు అన్నది శకుంతలమ్మ. పిల్ల గాడనే ఫోన్ల అడ్వాన్స్ కొట్టింది. తర్వాత లోపలికి పోయి చూస్తే గోడకి నీ ఫోటో ఉన్నది. రాత్రంత నిద్ర రాలె. నువ్వు వద్దంటే ఇప్పుడే పోయి పైసలు వాపస్ తెచ్చుకుంట."

బాబాయ్ ఏమంటాడో అని ఆయన మొహం చూడలేక నేను వానని చూశాను. వాడు ఇల్లు వదిలేసినా ఆ గది ఈయనకి దక్కదు. ఇంకో కార్డు మెళ్లో వేసుకున్నవాడు వస్తాడు. అది ముగ్గురికీ తెలుసు.

"పిచ్చివాడా!" అన్నాడు బాబాయ్. రెండో మాటకే పాత ఊపు వచ్చేసింది. "నీకది ఊరికే దొరికిందనుకున్నావా? నేను చెప్పకుండానే శకుంతలమ్మ నీకిచ్చిందంటావా? ఆడపిల్ల ఉన్నవాడు, అయిదింటి బండి ఎక్కాల్సినవాడు, వాడికే ఇవ్వమ్మా అని నేనే చెప్పా. అందుకేగా ఖాళీ చేస్తున్నా! నాకేంట్రా, జూబ్లీహిల్స్‌లో బంగళాలు నా కోసం తలుపులు తెరుచుకుని..."

జగదీశ్ తల దించుకున్నాడు. వాడి భుజం మీద బాబాయ్ చెయ్యి ఉంది. ఆ అబద్ధం వాడి కోసమేనని నాకు అర్థమై, గ్లాసు నోటికడ్డం పెట్టుకున్నాను.

దేవమ్మకి అలాంటి మొహమాటాలు లేవు.

"మరి దుకాణం మూసినంక గీ బల్ల మీద పండుకుంట అని నిన్న నన్ను అడిగిందెవరు సారూ?"

బాబాయ్ కూర్చున్నచోటే ఒంగి, బల్ల ఈ చివర నుంచి జానతో కొలుచుకుంటూ పోయాడు. నేను లేచాను, జగదీశ్ లేచాడు, ఆయనకి అడ్డం లేకుండా.

"సరిపోతది" అంది దేవమ్మ, ఆయన గ్లాసులో మళ్లీ టీ పోస్తూ. "అయిదింటి బండి గూడ నీ కాళ్లకాడికే వస్తది. కిరాయి ఒద్దు. గని పొద్దుగాల గిరాకీలు వచ్చేసరికి లేవాలె, లేచినంక గిసొంటి కథలు చెప్పొద్దు. విన్నడంటే నా దుకాణం ఓనరు కిరాయి ఇంక పెంచుతడు."