కోసిన ట్రైలర్, కోయని ట్రైలర్

పనిచేసే చోట నన్నందరూ సుత్తి అంటారు. వయసు నలభై తొమ్మిది. వృత్తి వెల్డింగ్. మా అక్క భర్త నడిపే లారీల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా మరమ్మతులు చేస్తున్నాను. ఈ పోలీస్ స్టేషన్‌లో నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు. అడగకముందే చెబుతున్నాను, తర్వాత ఆ మాట అడ్డం పెట్టుకోవద్దు.

గురువారం ఉదయం పదింబావుకు బావ నన్ను పాత ట్రైలర్లు అమ్మే యార్డుకు తీసుకెళ్లాడు. ఇనుప చుట్టలు మోయడానికి రెండు కావాలి. అక్కడ పదకొండున్నాయి. రెండింటికి మాత్రం కొత్త రంగు వేసి ఉంది. పాత బండికి కొత్త రంగు ఎందుకేస్తారో వెల్డర్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. బావకు ఆ రెండే నచ్చాయి. మొదటిదాని కిందికి దూరి సుత్తితో తట్టుకుంటూ పోయాను. మా పనిలో కంటికన్నా చెవి ముఖ్యం. ట్రైలర్‌ను ముందు బండికి తగిలించే లావుపాటి పిన్ను దగ్గర, దాన్ని పట్టుకునే ప్లేటు పగిలిన కుండలా మోగింది. రంగు గీకి చూశాను. పగులు నా జానెడు ఉంది.

బయటికొచ్చి చెప్పాను. లోడుతో కొండెక్కేటప్పుడు ఆ ప్లేటు ఊడితే ట్రైలర్ వెనక్కి జారుతుంది, వెనక ఎవరుంటే వాళ్ల మీదికే అన్నాను. అమ్మేవాడు నవ్వి, మీ బావమరిది మెకానిక్కా, డాక్టరా, ఛాతీ తట్టి చూస్తున్నాడు అన్నాడు. బావ కూడా నవ్వాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"నీ చెవిని నమ్ముకుని కాంట్రాక్టు వదులుకోమంటావా? సంతకం పెట్టు. మీ అక్క మొహం చూసి ఇన్నేళ్లు భరించాను."

లోపం లేదని బీమా వాళ్లకు వెల్డర్ సంతకం కావాలి. యజమాని సంతకం అక్కర్లేదు. ఈ ఏర్పాటు చేసినవాళ్లు చాలా తెలివైనవాళ్లు. బండి తిరిగితే లాభం ఒకరికి, విరిగితే జైలు ఇంకొకరికి. రెండు ట్రైలర్లకూ ఒకే కాగితం. పదకొండూ ఐదుకు సంతకం పెట్టాను. రెండోదాని కిందికి నేను దూరనే లేదు.

శుక్రవారం మధ్యాహ్నం, ఆ ట్రైలర్ తోలాల్సిన డ్రైవర్‌కు పగులు సంగతి చెప్పాను. "అన్నా, నేనెక్కనంటే ఎక్కేవాడు గేటు దగ్గరే నిలబడ్డాడు" అన్నాడు. అతన్ని తప్పు పట్టను.

ఈరోజు శనివారం. ఎనిమిదింటికి బండి కదలాలి. ఆరూ నలభైకి మా షెడ్డులో గ్యాస్ కట్టర్‌తో ఆ ప్లేటు కోసేశాను. అక్కడే తప్పు చేశాను. నా చెయ్యి పగులు వెంటే పోయింది. ఇన్నేళ్లూ పగులు వెంటే కోసి అతికిన చెయ్యి, అలవాటు మానలేదు. పక్కన కోసుంటే పగులు మిగిలేది, మీకు చూపించేవాణ్ణి. ఇప్పుడక్కడ కరిగిన అంచు తప్ప ఏమీ లేదు. ఏడూ పదికి బావ మీకు ఫోన్ చేశాడు.

మీరడిగేది నాకర్థమైంది. పగులుంటే లోపం లేదని ఎందుకు రాశావు, లేకపోతే ఎందుకు కోశావు అని. ఎటు చెప్పినా నేరస్థుణ్ణే. పాడు బండి కొంటే వ్యాపారం, దాన్ని కోస్తే నేరం. సరే.

పదకొండింటికి బావ ఇక్కడికొచ్చి రాజీ కాగితం ముందు పెట్టాడు. మరమ్మతులో పొరపాటున తెగిందని రాస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడట. ఫోన్‌లో అక్క కూడా అదే చెప్పింది. "నాకు మీరిద్దరూ కావాలిరా. రాసెయ్యి." రాసేవాణ్ణే. కలం కూడా తీశాను. అప్పుడు బావ లేస్తూ మామూలుగా అన్నాడు.

"లోడేం ఆగలేదులే. రెండోదాని మీదికి మార్చాం. పదిన్నరకు బయల్దేరింది."

అదే డ్రైవర్ తోలుతున్నాడు. కాబట్టి ఇలా రాసుకోండి. గురువారం నేను పెట్టిన సంతకం అబద్ధం. మొదటిదానికి తెలిసి పెట్టాను, రెండోదానికి చూడకుండా పెట్టాను. రెండోదీ పగిలిందని నేను చెప్పలేను. బాగుందని ఎవరూ చెప్పలేరు. నాకు ఏ శిక్ష వేస్తారో వేయండి, కానీ ఆ కాగితం మీద ఆ బండి కొండెక్కకూడదు. కొండ కింద చెక్‌పోస్టుకు పన్నెండున్నరకు చేరుతుంది. అక్కడికి ఫోన్ చేసి బండి ఆపించమని మిమ్మల్ని ఇప్పటికి మూడుసార్లు అడిగాను. ముందు వాంగ్మూలం పూర్తవనీ అంటున్నారు. అందుకే ఆపేస్తున్నాను, చెప్పాల్సింది అయిపోయి కాదు.

నేను చెప్పింది చెప్పినట్టే రాశారు. చదివి వినిపించారు. ఇందులో అబద్ధమేదీ లేదు.

(సంతకం)
సమయం: 11.52

సంతకం కింద నా చేత్తో రాస్తున్నాను: ఫోన్ ఇంకా చేయలేదు.