వర్లీన్ చేతికి తొడిగిన గ్లౌజు

అదిగో, నీ సమాధి రాయి మీద మళ్ళీ ఎవడో బీరు డబ్బా పెట్టి పోయాడు. నువ్వే పిలిచుంటావులే, థాడియస్. కాస్త జరుగు, కూచోనీ. మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి.

సిస్టర్ వర్లీన్ పోయిందయ్యా. తొంభై ఒకటి. రేపే పూడుస్తారు. ఏంటా నవ్వు? చర్చిలో చోటు చూపించే అషర్లందరికీ పెద్ద కదా, ఆలస్యంగా వచ్చినవాణ్ణి ఆ తెల్ల గ్లౌజు వేలితోనే వెనక బెంచీకి తోసేది. తలుపు దగ్గర నిలబడే గురక పెట్టావని నిన్ను అషర్లలోంచి పీకేసిందీ ఆ వేలే. అది గుర్తుంది నాకు. ఈ మధ్య ఏది ఉంటుందో ఏది జారిపోతుందో తెలియట్లేదు. అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నా.

మన అమ్మాయి కార్లిస్ అంతరిక్షానికి వెళ్ళేసరికి నువ్వు లేవు. నాలుగు నెలల ముందే తొందరపడ్డావు. నల్లవాళ్ళు పైకెళ్ళడం అప్పుడప్పుడే మొదలైన రోజులు. పేపరువాడొచ్చి ఏమడిగాడనుకున్నావ్? అక్కడ జుట్టెలా దువ్వుకుంటుందని. పిల్ల ఇరవై ఏళ్ళ చదువు వదిలేసి దువ్వెన పట్టుకున్నాడు.

తన సంచిలో చర్చి తరఫున ఒక్క వస్తువు తీసుకెళ్తానంది పిల్ల. వర్లీన్ తన కుడిచేతి గ్లౌజు తీసిచ్చింది. మాసిన గ్లౌజు అషర్లకి పరువు తక్కువ కదా, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశాను. అది నైలాన్ అని నాకేం తెలుసు? చీజ్ కరిగినట్టు ఇస్త్రీపెట్టెకి అంటుకుపోయింది. గంటలో పిల్ల బయల్దేరుతోంది. బీరువాలో నువ్వు అషర్‌గా ఉన్నప్పటి నీ నూలు గ్లౌజుంది.

అవునయ్యా. భూమి చుట్టూ తొంభై ఏడుసార్లు తిరిగొచ్చింది నీ గ్లౌజే.

తిరిగొచ్చాక వర్లీన్ తొడిగి చూసుకుంది. వేళ్ళు అంగుళం వేలాడాయి. నా పని అయిపోయిందనుకున్నా. ఆవిడ నిదానంగా, "పైకెళ్తే ఏదైనా సాగుతుందమ్మా" అంది. పాస్టర్ గారు "ఆమెన్" అన్నారు. అంతే, ఆ గ్లౌజు ముప్ఫై ఏళ్ళు చర్చిలో గాజుపెట్టెలో కూచుంది. పిల్లలు అద్దానికి ముక్కులానిస్తే, "మీరూ వెళ్తారు, ముందు వీపు నిటారుగా పెట్టి కూచోండి" అనేది వర్లీన్.

ఇప్పుడు ఆ గ్లౌజు తొడిగే తనని పూడ్చమని రాసి పోయింది. ఆ పని నాకప్పగించారు. నీకు వెనక బెంచీ కూడా ఇవ్వని మనిషికి నీ గ్లౌజా? అదే కొలతది కొత్తది కొన్నాను. పాతది పచ్చబడిందని నీలిమందులో నానేశాను. కొత్తది మరీ కొత్తగా ఉందని నాలుగుసార్లు ఉతికాను. రెంటికీ గంజి పెట్టాను. పొద్దున ఆవిడ చెయ్యి పట్టుకుంటే పిచ్చుకంత ఉంది. ఏడుపొచ్చింది, ఎందుకో. ఒకటి తొడిగేశాను.

ఇదిగో, రెండోది. నీదే. నీదేననుకుంటా. కుడి జేబులోది కదా నీది? ఎడమదా? వాసన చూస్తే గంజి వాసనే.

సరేలే, ఉంచుకో. ఆవిడ చేతికున్నది నీదే అయితే, రేపు అక్కడ నీ గ్లౌజు వేలితోనే నీకు చోటు చూపిస్తుంది. ఈసారైనా గురక పెట్టకు.