మనం వచ్చింది ఇక్కడే

ఆ టార్చా? పారెయ్యకమ్మా మార్సీ, ఇలా ఇయ్యి. ఈ పక్కింటి ముసలాడి సామాను సర్దిపెడతానని నువ్వంటే సరేనన్నాను గానీ, అది మాత్రం ముట్టుకోకు. అది ఆగ్నెస్‌ది. ఆగ్నెస్ హాన్రహాన్ అని, ఇప్పుడు మందుల షాపుందే, అక్కడ సినిమా హాలుండేది, అందులో సీట్లు చూపించేది. భారీ మనిషి, కాళ్ళనొప్పులు, నోరు తెరిస్తే హాలంతా వినపడాల్సిందే. "ఏయ్, కాళ్ళు దించు! మీ అత్తారిల్లనుకున్నావా?" అనేది. అప్పట్లో సినిమాకి మొదట్నించీ వెళ్ళాలని ఎవడికుందీ? ఒక టికెట్టు, రెండు బొమ్మలు, పొద్దస్తమానం తిప్పి తిప్పి వేసేవాళ్ళు. మధ్యలో ఎప్పుడో దూరతాం, చూస్తాం, మళ్ళీ ఆ సీను రాగానే "మనం వచ్చింది ఇక్కడే" అనుకుని లేచిపోతాం. లేవకపోతే ఇదిగో, ఈ టార్చి మొహమ్మీద పడేది.

అదే, నా చేతికెలా వచ్చిందో చెప్తున్నా కదా, కంగారెందుకూ? యాభై ఎనిమిది ఫిబ్రవరి. మా అన్నయ్య ఎమిల్ ఉక్కు మిల్లులో పోయాడు. సమాధి చేసి మూడో రోజు. ఆ షిఫ్టు నాదమ్మా. నేను స్కేటింగుకి పోవాలని, నా బదులు వాణ్ణి బతిమాలి పంపించాను. అమ్మకి చెప్పే ధైర్యం లేదు, ఆవిడ ఎదురుగా కూచోనూలేను. మధ్యాహ్నం వెళ్ళి ఆ హాల్లో దూరాను. ఏమాడుతోందో కూడా చూళ్ళేదు. తీరా చూస్తే రెండూ దయ్యాల బొమ్మలే! ఒకదాంట్లో పెట్టెలోంచి లేచి రక్తం తాగే జమీందారు. వాడితో పేచీ లేదు, హాయిగా చూశాను. రెండోదాంట్లో, నేను కూచోగానే, పడవ మునిగి చచ్చినవాడొకడు వాళ్ళమ్మ ఇంటి తలుపు కొడుతున్నాడు. దబ్, దబ్. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. జమీందారొచ్చాడు, పోయాడు. మళ్ళీ తలుపు. మళ్ళీ మూసుకున్నాను, లేవలేదు. మూడోసారి ఆగ్నెస్ వచ్చి పక్కన కూలబడింది. అన్నయ్య సంగతి ఊరంతా తెలుసుగా. టార్చి వెయ్యలేదు. చెప్పులు విప్పి, "అమ్మయ్య" అని, నా చెయ్యి పట్టుకుంది. "కళ్ళు మూసుకోడానికి టికెట్టెందుకు నాయనా? తెరువు. వారం నించీ చూస్తున్నా, వాడెవర్నీ ఏమీ చెయ్యడు." తెరిచాను. నిజంగానే ఏమీ చెయ్యలేదమ్మా. నీళ్ళోడుతూ వచ్చి పొయ్యి దగ్గర కూచున్నాడు. వాళ్ళమ్మ శాలువా కప్పింది. అంతే. నేను భోరున ఏడ్చాను. వెనకవాడు "ష్" అంటే, ఆగ్నెస్ "నువ్వు నోర్ముయ్" అంది. తరవాత నాతో, "నువ్వొచ్చింది ఇక్కడేగా, ఇంక లే. మీ అమ్మ ఒక్కతే ఉంటుంది. మీ ఇంటికెళ్ళే కొండ మెట్లమీద మంచుంది, ఇది పట్టుకెళ్ళు" అని దీన్ని చేతిలో పెట్టింది. తరవాత తిరిగివ్వబోతే, "ఉంచుకో, మళ్ళీ ఆ మెట్లే ఎక్కాలిగా" అంది. ఎంత రుణపడ్డానో ఆ మనిషికి! ఆవిడ పోయే ముందు చెప్పాలనుకుని... థాంక్స్ అనైనా అన్నానో లేదో.

అమ్మా? అమ్మ వంటింట్లో కూచునుంది. కోటు కూడా విప్పకుండా, "అమ్మా, ఆ షిఫ్టు నాది" అన్నాను. "తెలుసురా. వాడు ఆ పొద్దున నాకు చెప్పి, నిన్ను తలుచుకుని నవ్వుకుంటూనే వెళ్ళాడు. నువ్వెప్పుడొచ్చి చెప్తావా అని మూడు రోజులుగా ఆ తలుపు వంకే చూస్తున్నాను" అంది.

...ఆ కాఫీ చల్లారిపోతోంది, తాగు.