డైరీల తల్లి పేరు

ఏడ దొర్కింది బిడ్డా గీ డైరీ? మీ అమ్మ పెట్టెలనా? జర కండ్లద్దాలియ్యి. ఆఁ, మీ అమ్మ ప్రమోదదే, అయిదో తరగతి బడి డైరీ. తల్లి పేరు రత్నమాల అనున్నది, ఎవలీమె అని గదా నీ ప్రశ్న. కూసో మమతా, ఫోను పక్కకు వెట్టు. మీ అమ్మమ్మ కాంతవ్వనే, నా సొంత చెల్లె, గండ్ల అనుమానం లేదు. సిరిసిల్లల మగ్గాలిడిశి అమీర్‌పేటకొచ్చినం అందరం, మీ తాత ఓంప్రకాష్ సుత. పంజాగుట్టల నాది టైలర్ దుకాణం, గిప్పుడు మెట్రో పిల్లర్ లేదా, గాడ్నే. గాడున్న ఇంగ్లీషు బడి యూనిఫారాలు కుట్టేటోణ్ని. కొలతలకొచ్చిన పిల్లలు ఇంగ్లీషు మాట్లాడుతుంటే మస్తు సంబురమయ్యేది. మన పోరి సుత గా బడిలనే చదవాలె అని పట్టువట్టింది నేనే.

గా బడోళ్లేమో తల్లిని, తండ్రిని కూసోవెట్టి ఇంగ్లీషుల అడుగుతరు. మీ తాతకు నాలుగు ముక్కలొస్తుండె. కాంతవ్వకేమొస్తది? గప్పుడు నేనే అన్న, మేడ మీద కిరాయికున్న రత్నమాల గారిని తల్లి అని తోల్కపోదం అని. బెజవాడామె, డిగ్రీ చదివిన మనిషి. "ఏంటండీ రాజనర్సు గారూ, నేను తల్లినని చెప్పాలా? బాగోదండీ" అన్నది. కాంతవ్వనే బతిమిలాడింది. మా నాయిన నేసిన తన పెండ్లి చీర సుత ఆమెకే కట్టిచ్చి, తనేమో నీళ్ల బాటిల్ వట్టుకొని బయట బల్ల మీద కూసున్నది. నడుమల పోరికి దూపయ్యి కాంతవ్వ తానికి ఉరికింది. "ఎవరామె?" అని పెద్ద మేడం అడిగితే, రత్నమాల గారు గాబరాల "మా పనిమనిషండీ" అనేసింది. సీటొచ్చింది. రత్నమాల గారు గేటు బయటికొచ్చి ఏడ్సింది. మా చెల్లె నవ్వింది, ఏం ఫికర్ లేదక్కా అని.

గా దినం సంది మా చెల్లె పోరిని ఎదురుంగ కూసోవెట్టి నేర్పేది. "బడికాడ అమ్మా అనొద్దు బిడ్డా. నా పేరేంది, చెప్పు?" "కాంతవ్వ." "ఇంకోపారి?" "కాంతవ్వ." సరిగ్గ చెప్తే బెల్లం ముక్క. మాకు ముద్దొచ్చేది, అందరం నవ్వేటోళ్లం. ఏడేండ్లు గట్లనే టిఫిన్ డబ్బ గేటుకాడికి మోసింది. గేటుకాడ కాంతవ్వ, ఇంటికొస్తె అమ్మ.

మీ అమ్మ ఆరో తరగతిలుండంగ మా చెల్లెకు జ్వరమొచ్చింది. నాలుగొద్దులల్ల పోయింది. మీ తాత మూలకు కూసున్నడు. మూడో దినం మీ అమ్మనే సెలవు చీటీ రాసి, మడతవెట్టి నా చేతికిచ్చింది. పదకొండొద్దులు సెలవడిగిన మామా అన్నది. నాకు ఇంగ్లీషు రాదాయె, తీస్కపోయిచ్చిన. టీచరమ్మ చదివింది. "పనిమనిషి చనిపోతే పదకొండు రోజులు సెలవెందుకండీ?" అన్నది. నేను అర్థంగాక, ఏమున్నది మేడం గండ్ల అని అడిగిన. ఒక్కో ముక్క తెలుగు చేసి చెప్పింది. మా ఇంట్ల పనిచేసే కాంతవ్వ చనిపోయింది, ప్రమోద, ఆరో తరగతి. గంతే. నాకు కోపం రాలే, భయమైంది. పదకొండేండ్ల పిల్ల, తల్లి పోయిన ఇంట్ల కూసొని, తప్పు లేకుంట రాసిందది.

టీచరమ్మ మంచిదే. "మీరేమవుతారు ఆమెకు?" అని మెల్లగనే అడిగింది. నా చెల్లె అంటే అయిపోతుండె. సీటు పోతదేమో అనుకున్న. ఏం కాను మేడం, యూనిఫారాలు కుట్టేటోణ్ని అన్న. ఇయ్యాల్టిదాంక సెలవు చాలు అన్న.

తెల్లారి మీ అమ్మ రెండు జడలకు రిబ్బన్లు కట్టుకొని బడికి పోయింది. ఇంట్ల దీపం ఇంకా వెలుగుతనే ఉన్నది. ముప్పై అయిదేండ్లాయె. గట్లెందుకు రాసినవ్ అని మీ అమ్మను ఒక్కనాడు సుత అడగలే నేను. అడిగితే, బడిల నువ్వేం చెప్పినవ్ మామా అంటదేమోనని.

డైరీ ఎక్కడిదక్కడ వెట్టు. మీ అమ్మ లేశినట్టుంది, చాయ్ పెట్టమను.