దుప్పటి వెనక దగ్గు

ఆన్‌లైన్ పరీక్ష మొదలు కాబోతోంది. ఉన్న ఒక్క గదికీ అడ్డంగా దుప్పటి కట్టి, ఇవతల ఫోను ముందు కూర్చుంది ఆ అమ్మాయి. ఫోనులోంచి లెక్చరరు గద్దించాడు.

“ఆ దుప్పటి తియ్యి. గది నాలుగు మూలలూ చూపించాలి.”

“వెనక మా నాన్న ఉన్నాడు సార్. కరోనా. తీస్తే నాకూ అంటుకుంటుంది.”

“మనిషున్నాడన్నమాట! జవాబులు అందిస్తున్నాడా?”

“లారీ డ్రైవరు సార్. నా సబ్జెక్టు పేరుకే ఆయనకి నోరు తిరగదు.”

“రూలంటే రూలే. గదిలో నువ్వొక్కదానివే ఉండాలి. బయటికి పంపు. లేదంటే నీకు ఏడాది పోయినట్టే.”

 అయినా ఆమె ఆగలేదు.

“జ్వరం మనిషిని వీధిలోకి గెంటమంటారా? ఈ రూలు రాసినాయన ఇంట్లో ఎన్ని గదులున్నాయి సార్?”

“నోరు అదుపులో పెట్టుకో! నేను ఒక్కణ్ణే కూర్చోలేదూ?”

“మీ వెనక పుస్తకాల బీరువాలోంచి ఇప్పుడే ఒక గాజుల చెయ్యొచ్చి, మంచినీళ్లు పెట్టి మాయమైంది సార్.”

లెక్చరరు గతుక్కుమన్నాడు. ఆ బీరువా నిజంది కాదు, ఇల్లు కనబడకుండా వీడియోలో తన వెనక పెట్టుకున్న బొమ్మ.

“అది... మా ఆవిడ.”

“జవాబులు అందించిందా?”

ఆయన మంచినీళ్ల గ్లాసు పక్కకి జరిపాడు. దుప్పటి వెనక దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

“సరే, రాసుకో. కాస్త దగ్గు ఆపుకోమను. అంతా రికార్డవుతోంది.”

ఆ పిల్ల ప్రశ్నపత్రం తెరిచింది.

“దగ్గనివ్వండి సార్. రికార్డవనివ్వండి.”