గోడ మీది వరుస

వరదకు కరెంటు పోయింది. కిడ్నీ రోగులకు రక్తం శుద్ధి చేసే ఆ చిన్న ఆసుపత్రిలో, జనరేటర్ నడిపే పెద్దాయన దగ్గరికి నర్సు పరుగెత్తుకొచ్చింది.

"బాబాయ్, ఇది ఎన్ని మిషన్లు లాగుతుంది?"

"రెండే."

"బెంచీ మీద ముగ్గురున్నారు. మూడో మనిషి పిన్ని."

"కరెంటు పోతే ఎవరు ముందో గోడ మీద కాగితం ఉందిగా."

"సిబ్బంది ఇంటివాళ్లు ఆఖరున అని ఉంది. మీటింగులో ఆ మాటన్నది నువ్వేగా! నెలకో మాట మాట్లాడతావు, అదీ ఇదేనా?"

"అన్నాను."

"పిన్నికి ఊపిరందట్లేదు."

"ఆ ఇద్దరికి అందుతోందా?"

"లేదు... కాగితం చింపేస్తాను బాబాయ్. ఎవరికీ తెలీదు."

ఆయన బెంచీ మీదున్న భార్య వైపు చూడలేకపోయాడు. నూనె గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు.

"మీ పిన్నికి తెలుసమ్మా. నాకు రాత సరిగా రాదని, ఆ కాగితం రాసిపెట్టింది తనే."